తిరుమల మెట్ల నుంచి ట్రావర్స్ లోయకు: హట్ నుంచి హట్‌కు నడిచే వారం రోజుల ట్రెక్‌కు సిద్ధమయ్యే పద్ధతి

న్యూజిలాండ్ దక్షిణ దీవిలో నెల్సన్ లేక్స్ నేషనల్ పార్క్ ఉంది. అందులో ట్రావర్స్–సబైన్ అని ఒక చుట్టుదారి. మొత్తం 80 కిలోమీటర్లు. ఒక నది వెంబడి అడవిలో పైకి పోయి, 1,787 మీటర్ల ఎత్తున్న ట్రావర్స్ కనుమ దాటి, ఇంకో నది వెంబడి కిందికి దిగి, మొదలుపెట్టిన ఊరికే తిరిగి వస్తాం. మధ్యలో రోడ్డు లేదు, అంగడి లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. కొన్ని గంటల నడకకు ఒకటి చొప్పున హట్‌లు, అంటే నడిచేవాళ్లు రాత్రి పడుకునే చిన్న ఇళ్లు, మాత్రం ఉంటాయి. దేశం మొత్తం మీద ఇలాంటివి 950కి పైగా ఉన్నాయి, వాటిని డిపార్ట్‌మెంట్ ఆఫ్ కన్సర్వేషన్ చూసుకుంటుంది. అక్కడ అందరూ దాన్ని డాక్ అంటారు.

మా అక్కావాళ్లు క్రైస్ట్‌చర్చ్‌లో ఉంటారు. బావ, నేను, నా స్నేహితుడొకడు, ముగ్గురం కలిసి ఈ దారి నడిచాం. మేమిద్దరం తిరుపతిలో నాలుగు నెలలు తయారయ్యాం. మాకు పనికొచ్చినవీ, ముందే తెలిసుంటే బాగుండేదనిపించినవీ వరుసగా రాస్తున్నాను. మన వైపు నుంచి ఎవరైనా బయల్దేరాలనుకుంటే ముందు ఒక్క మాట: లెక్కలో ఒక రోజు ఖాళీ పెట్టుకోండి. తిండి, బూట్లు, టికెట్లు అన్నీ దాని తర్వాతే. ఎందుకో వాగుల దగ్గర చెప్తాను.

ఎప్పుడు పోవాలి

మన చలికాలం వాళ్లకు ఎండాకాలం. డిసెంబరు నుంచి మార్చి దాకా పోవచ్చు. చలికాలంలోనూ వసంతంలోనూ కనుమకు రెండు వైపులా మంచు చరియలు జారి పడే ప్రమాదం ఉంది. కొత్తవాళ్లు అప్పుడు ఆ పేరే ఎత్తకూడదు. ఫిబ్రవరి మొదలు కందిరీగలు ఎక్కువ. కుడితే ఒళ్లు వాచే తత్వం ఉన్నవాళ్లు డాక్టరును అడిగి మందు వెంట ఉంచుకోండి. మాకు జనవరి చివరి వారం సరిపోయింది. తొమ్మిదింటిదాకా వెలుతురు ఉంటుంది కాబట్టి నడక ఆలస్యమైనా చీకట్లో చిక్కుకోము.

మన మెట్ల మీద తయారీ: ఎక్కడం కాదు, దిగడం

శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల పైచిలుకు. అలిపిరి దారి 3,550 మెట్లు, దూరం ఎక్కువ, ఎక్కుడు మెల్లగా ఉంటుంది. తిరుపతిలో పుట్టినవాళ్లకు ఈ రెండూ ఇంటి పెరడు లాంటివి. ఎక్కడం మనకు బాగా వచ్చు. కానీ ఎక్కి, దర్శనం చేసుకుని, బస్సులో దిగిపోతాం. దిగడం మనకు అలవాటు లేని పని. ట్రావర్స్ కనుమ మీంచి వెస్ట్ సబైన్ హట్‌కు వెయ్యి మీటర్లకు పైగా దిగాలి, అదీ ఒకే రోజు, వీపున మూటతో, వేర్లూ రాళ్లూ నిండిన దారిలో. మోకాళ్ల చిప్పలూ తొడల ముందు కండరాలూ పట్టేసేది అక్కడే.

అందుకని వారానికి రెండుసార్లు అలిపిరి దారిలో ఎక్కి, అదే దారిలో దిగండి. మొదటి నెల ఖాళీ వీపుతో. రెండో నెల ఐదు కిలోల మూటతో. అలిపిరిలో కౌంటరు దగ్గర సంచి ఇచ్చేస్తే కొండ మీదికి చేరుస్తారు కదా, మీరు మాత్రం ఇవ్వకండి. మూడో నెల ఎనిమిది, నాలుగో నెలకు పన్నెండు కిలోలు. బియ్యం సంచి వేసుకుంటే చాలు, జిమ్ అక్కర్లేదు. మోకాళ్ల మెట్టు దగ్గర ఆయాసం లేకుండా మాట్లాడగలిగితే ఎక్కుడుకు మీరు సిద్ధం. దిగిన మరునాడు పొద్దున మంచం దిగేటప్పుడు తొడలు పట్టకపోతే దిగుడుకూ సిద్ధమే.

బూట్ల సంగతి విడిగా చెప్పాలి. ఆ మెట్లకు ఆడవాళ్లు ఒక్కొక్కదానికీ పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కుతుంటారు. వాటి మీద ట్రెక్కింగ్ బూట్లు వేసుకుని తొక్కడం నాకు మనసొప్పదు. మూటతో ఒట్టి కాళ్లతోనే ఎక్కి దిగాం. పాదాలు గట్టిపడ్డాయి కూడా. బూట్లు అలవాటు చేసుకోవడానికి రాయలచెరువు కట్ట, చంద్రగిరి చుట్టూ మట్టిదారులు వాడుకున్నాం. కనీసం వంద కిలోమీటర్లు నడిచిన బూట్లే అక్కడికి వేసుకుపోవాలి. ఒకసారి వాటిని బకెట్లో ముంచి, తడి సాక్సులతో రెండు గంటలు నడిచి చూడండి. అక్కడ రోజూ జరిగేది అదే కాబట్టి మడమ ఎక్కడ పొక్కుతుందో ఇక్కడే తెలిసిపోతుంది.

మెట్ల దారిలో వేళల నిబంధనలు పాటించండి. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుతపులి ఒక ఆరేళ్ల పాపను పొట్టన పెట్టుకుంది. ప్రాక్టీసు పేరుతో వేళకాని వేళ ఒంటరిగా ఎక్కకండి. అట్లాగే అనుమతి లేకుండా శేషాచలం లోపలికి పోకండి. అది రిజర్వు అడవి, ఎర్రచందనం గొడవ ఉన్న చోటు. ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం ముక్కోటి వస్తుంది. ఆ రోజు వదిలే దారిలో నడిస్తే రాళ్ల మీద అడుగు వేయడం, నీళ్లలో కాలు మోపడం బాగా నేర్చుకోవచ్చు.

సామాను

పన్నెండు నుంచి పద్నాలుగు కిలోలు దాటకూడదు. హట్‌లో మంచం, పరుపు, నీళ్లు, మరుగుదొడ్డి ఉంటాయి. దుప్పటి ఉండదు, స్టవ్ ఉండదు, గిన్నె ఉండదు. కాబట్టి స్లీపింగ్ బ్యాగ్, చిన్న గ్యాస్ స్టవ్, ఒక గిన్నె, తలకు కట్టుకునే టార్చి మోసుకోవాల్సిందే. గ్యాస్ డబ్బా విమానంలో ఎక్కనివ్వరు, అక్కడ కొనాలి.

కాటన్ బట్టలు ఇంట్లోనే వదిలేయండి. ఇది మనవాళ్లకు మింగుడుపడదు. నలభై డిగ్రీల ఎండలో బతికేవాళ్లం, కాటన్ కంటే మంచి బట్ట లేదనుకుంటాం. అక్కడ తడిసిన కాటన్ ఒంటికి అంటుకుని వేడినంతా లాగేస్తుంది. పది డిగ్రీల చలిలో వాన, గాలి తోడైతే మనిషి వణికి వణికి, తర్వాత వణకడం మానేసి మాట తడబడతాడు. అది ప్రాణం మీదికి వచ్చే స్థితి. ఉన్ని లేదా పాలియెస్టర్ చొక్కాలు రెండు, ఉన్ని టోపీ, చేతి తొడుగులు, నిజంగా వాన ఆపే కోటు తీసుకోండి. రాత్రికి వేసుకునే పొడి జతను ప్లాస్టిక్ సంచిలో కట్టి ఉంచి, ఎంత వాన వచ్చినా పగలు ముట్టకూడదు.

దిక్సూచి ఇక్కడ కొనకండి. మన వైపు అమ్మే వాటి ముల్లు ఈ అక్షాంశాలకు తూచి చేసింది, అక్కడ ఒక కొన కిందికి వంగి తిరగడానికి మొరాయిస్తుంది. ఇంకో తేడా ఉంది. తిరుపతిలో అయస్కాంతపు ఉత్తరమూ అసలు ఉత్తరమూ దాదాపు ఒకటే. అక్కడ ఇరవై డిగ్రీలకు పైగా తూర్పుకు తేడా ఉంటుంది, మ్యాపు మూలన రాసి ఉంటుంది, అది లెక్కలో పెట్టుకోవాలి. మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు. నీడను చూసి దిక్కు చెప్పే అలవాటున్న నా స్నేహితుడు మొదటి రోజంతా తికమకపడ్డాడు. టోపో50 అనే 1:50,000 మ్యాపు కాగితం మీద ఒకటి, ఫోన్లో ఒకటి ఉంచుకోండి. దారి పొడవునా చెట్లకు నారింజ రంగు త్రికోణాలు కొట్టి ఉంటాయి. పది నిమిషాలు నడిచినా ఒక్కటీ కనిపించకపోతే ఆగండి, వెనక్కి రండి.

తిండి, కస్టమ్స్

మనిషికి రోజుకు 700 నుంచి 800 గ్రాముల పొడి తిండి చాలు. పొద్దున రాగి జావ. చిత్తూరు జిల్లా మనిషికి ఇంతకంటే ఏం చెప్పాలి, రెండు చెంచాల పిండి, వేడినీళ్లు, ఉప్పు, పదకొండింటిదాకా ఆకలి తెలియదు. మధ్యాహ్నం స్టవ్ వెలిగించే పనిలేకుండా చపాతీ, పల్లీలు, బెల్లం. రాత్రి పెసరపప్పు కిచిడీ లేదా ఉప్మా. అటుకులు అన్నిటికంటే తేలిక, వేడినీళ్లు పోస్తే అయిపోయే తిండి. పైన చల్లుకోవడానికి కందిపొడి. ఖాళీ రోజు కోసం ఒక పూట కాదు, ఒక పూర్తి రోజు తిండి అదనంగా ఉండాలి.

ఇవన్నీ ఇక్కడి నుంచి మోసుకుపోవాలని చూడకండి. న్యూజిలాండ్‌లో దిగగానే బయోసెక్యూరిటీ తనిఖీ ఉంటుంది. తిండి పదార్థం ఏదున్నా, అడవిలో వాడిన బూట్లున్నా డిక్లరేషన్‌లో రాయాల్సిందే. రాయకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. తేనె అసలు పట్టుకుపోకండి. అమ్మ ఇచ్చిన నెయ్యి, ఇంటి విత్తనాలు కూడా వద్దు. రాగిపిండి, పెసరపప్పు, అటుకులు అక్కడి ఇండియన్ షాపుల్లో దొరుకుతాయి. బూట్ల అరికాళ్లలో ఒక్క మట్టి రేణువు లేకుండా పాత టూత్‌బ్రష్‌తో తోమి పట్టుకుపోండి. రాయలచెరువు మట్టి వాళ్ల అడవిలోకి పోకూడదు. అది న్యాయమైన కోరిక.

బయల్దేరే ముందు రోజు

నెల్సన్ నుంచి గంటన్నర కారు ప్రయాణంలో సెయింట్ ఆర్నాడ్ అనే చిన్న ఊరు వస్తుంది. అక్కడ డాక్ వాళ్ల విజిటర్ సెంటర్ ఉంది. హట్ టికెట్లు లేదా పాసు, వాతావరణ సూచన, దారి ఎలా ఉందన్న కబురు అన్నీ అక్కడే. కొన్ని హట్‌లకు ముందే బుక్ చేసుకోవాలి, ఏవేవో వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకోండి. పర్సనల్ లొకేటర్ బీకన్ అనే పరికరం అద్దెకు తీసుకోండి. ఫోన్ పనిచేయని చోట మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా రక్షణ బృందాలకు కబురు పోతుంది. దాన్ని మూట అడుగున పెట్టకండి, ఒంటి మీద ఉంచండి.

మీరు ఏ రోజు ఏ హట్‌లో పడుకుంటారో, ఏ రోజు ఎన్ని గంటలకల్లా రాకపోతే కంగారు పడాలో రాసి ఒకరికి ఇవ్వాలి. ఆ మనిషి న్యూజిలాండ్‌లో ఉన్నవాళ్లై ఉండాలి. తిరుపతిలో ఉన్న మా అమ్మ అక్కడి ఎమర్జెన్సీ నంబరు 111కు ఫోన్ చేయలేదు కదా. మేము అక్కకు రాసిచ్చాం. ఖాళీ రోజును కూడా కలుపుకునే ఆ గడువు రాయాలి, లేకపోతే మీరు హట్‌లో కూర్చుని టీ తాగుతుంటే మీ కోసం హెలికాప్టర్ తిరుగుతుంది.

దారి

మొదటి రోజు రోటోఇటి చెరువు ఒడ్డు వెంబడి లేక్‌హెడ్ హట్‌కు, తొమ్మిది కిలోమీటర్లు, మూడు గంటలు. అక్కడి బోర్డుల మీద కిలోమీటర్ల కంటే గంటలే ముఖ్యం. మనలాంటివాళ్లు ఆ గంటలకు మూడో వంతు కలుపుకోవాలి.

అడవంతా బీచ్ చెట్లు. సముద్రపు ఒడ్డు కాదు, చెట్టు పేరే అది. మాను మసి పూసినట్టు నల్లగా ఉంటుంది. దగ్గరికి పోయి చూస్తే బెరడులోంచి వెంట్రుకంత సన్నని తెల్లని పోగులు వేలాడుతుంటాయి, ఒక్కొక్క పోగు కొసన ఒక నీటిబొట్టు. బెరడు లోపల దాగిన చిన్న పురుగు చెట్టు రసం తాగి వదిలే తీపి అది. ఆ తీపి మీద పెరిగిన బూజే మాను నలుపు. బావ చెప్తే వేలికి ఒక బొట్టు తీసుకుని నాలుక మీద పెట్టుకున్నాను. పలచని చెరకు పానకం. అడవి పిట్టలకు అది తిండి. దాని కోసమే ఎగబడి వచ్చేవి నేను మొదట్లో చెప్పిన కందిరీగలు.

రెండో రోజు ట్రావర్స్ నది వెంబడి జాన్ టేట్ హట్‌కు, ఐదు గంటల దాకా. మూడో రోజు అప్పర్ ట్రావర్స్ హట్‌కు, రెండు మూడు గంటలే. చాలామంది ఈ రెండూ ఒకే రోజు నడిచేస్తారు. వద్దని నా సలహా. అప్పర్ ట్రావర్స్ అడవి అయిపోయే అంచున ఉంది. మధ్యాహ్నానికి చేరి, కనుమ వైపు మబ్బు ఎట్లా కదులుతోందో సాయంత్రందాకా చూసి, మరునాటి సంగతి నిర్ణయించుకోవచ్చు. నాలుగో రోజు కనుమ. వెస్ట్ సబైన్ హట్‌కు ఆరు నుంచి తొమ్మిది గంటలు. ఎక్కేటప్పుడు చెట్టూ లేదు, చాటూ లేదు, గాలి నిలువునా కొడుతుంది. మబ్బు కనుమను కప్పేస్తే, లేదా గాలికి నిలబడలేకపోతే, వెనక్కి హట్‌కే. దిగేటప్పుడు ఈస్ట్ సబైన్ నది మీద ఒక చిన్న వంతెన దాటతాం. కింద కొండ చీలి, ఆ ఇరుకు చీలికలో ఎక్కడో లోతున నది వినిపిస్తుంది. తుంబురు తీర్థం చూసినవాళ్లకు ఆ చీలిక చూడగానే గుండె ఝల్లుమంటుంది. మేమిద్దరం మూటలు దించి అక్కడ కాసేపు నిలబడిపోయాం.

ఐదో రోజు మూటలు వెస్ట్ సబైన్‌లోనే వదిలి బ్లూ లేక్ చూసి రండి, పోను మూడు నాలుగు గంటలు. దాని మావోరి పేరు రోటోమైరేఫెనువా. కొలిచి చూస్తే నీటిలో 80 మీటర్ల దాకా చూపు ఆనుతుందని తేలింది. ప్రపంచంలో తెలిసిన మంచినీళ్లలో ఇంత తేటవి ఇంకెక్కడా లేవు. న్గాటి అపా అనే మావోరి తెగకు అది పవిత్రమైన చోటు. కాబట్టి దిగకూడదు, చేయి పెట్టకూడదు, సీసా ముంచకూడదు. ఒడ్డున నిలబడి చూడటమే.

ఆరో రోజు సబైన్ నది వెంబడి రోటోరోవా చెరువు దగ్గరి సబైన్ హట్‌కు ఐదు గంటలు. అక్కడి నుంచి స్పియర్‌గ్రాస్ హట్‌కు మరో ఐదు, ఆ తర్వాత కారు ఆపే చోటుకు మూడు. సబైన్ హట్ దగ్గర శాండ్‌ఫ్లై అనే నల్లటి చిన్న ఈగలు చీకటి పడేదాకా పీకుతాయి. నిండు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు వేసుకోండి. కొండ ఎక్కి ఏంజిలస్ హట్ మీదుగా రాబర్ట్ రిడ్జ్ అనే కొండ గట్టు పట్టుకుని తిరిగి వచ్చే దారి కూడా ఉంది. ఆకాశం శుభ్రంగా ఉండి, కాళ్లలో ఇంకా సత్తువ ఉంటేనే.

వాగులు

పెద్ద నదుల మీద వంతెనలున్నాయి. ఇబ్బంది పెట్టేవి పక్క కొండల నుంచి దూకే పిల్లవాగులు. ఎండలో బూటు తడవకుండా దాటేస్తాం, పెద్ద వాన కురిస్తే అవే రెండు మూడు గంటల్లో మనిషిని లాక్కుపోతాయి. ఇది మనకు తెలియని విషయం కాదు. 2021 నవంబరులో శేషాచలం మీద పడిన వాన శ్రీవారి మెట్టు దారిని కోసేసి పోయింది. 2022 మే దాకా ఆ దారి తెరవలేదు. నిటారు కొండ, రాతి నేల, కింద ఇరుకు లోయ. అక్కడా అదే లెక్క.

మాకు జాన్ టేట్‌లో రాత్రంతా వాన. పొద్దున తెరిపిచ్చింది. నేను మూట సర్దేశాను. అర గంట నడిచాక ఒక వాగు అడ్డమొచ్చింది. నీళ్లు పాలు కలిపిన టీ రంగులో ఉన్నాయి. అడుగున గుడగుడమని శబ్దం, పైకి కనిపించని రాళ్లు దొర్లుతున్నాయి. మోకాలు లోతే ఉంటుందనిపించింది.

"దాటేద్దాం బావా, ఇంతేగా."

బావ మాట్లాడలేదు. నీటి అంచున ఒక తెల్లరాయి పెట్టి, పక్కన కూర్చున్నాడు. పావుగంటకు ఆ రాయి కనిపించలేదు.

"నీళ్లు ఇంకా ఎక్కుతున్నాయిరా. పైన వాన తగ్గలేదు. పద, హట్‌కు పోదాం."

వెనక్కి పోయాం. ఆ పగలంతా హట్‌లో పొయ్యి దగ్గర సాక్సులు ఆరబెట్టుకుంటూ గడిపాం. మరునాడు పొద్దున అదే వాగు చీలమండ లోతు, అడుగున గులకరాళ్లు లెక్కపెట్టొచ్చు. మా ఖాళీ రోజు అక్కడ ఖర్చయింది. అది లేకపోయుంటే విమానం టికెట్ గుర్తొచ్చి నేను ఆ టీ రంగు నీళ్లలో కాలు పెట్టేవాణ్ణే.

కాబట్టి ఇవి చూడండి. నీళ్లు మురికిగా ఉన్నాయా, మీరు నడిచే వేగం కంటే జోరుగా పోతున్నాయా, కొమ్మలు కొట్టుకొస్తున్నాయా, అడుగున రాళ్లు దొర్లే శబ్దం ఉందా. ఒక్కటి ఉన్నా దాటకండి. జారితే ఎక్కడికి కొట్టుకుపోతారో ఆ కింది భాగం కూడా చూడాలి. జలపాతమో పడిపోయిన చెట్టో ఉంటే ఆ చోటు పనికిరాదు.

అన్నీ బాగుంటేనే దాటడం, అదీ కలిసికట్టుగా. బూట్లు విప్పకండి, అడుగు రాళ్ల మీద ఒట్టి కాలు నిలవదు. ఛాతీ పట్టీ విప్పి, భుజాల పట్టీలు కొంచెం వదులు చేసుకోండి. బలమైన మనిషి ప్రవాహం వచ్చే వైపు, మిగతావాళ్లు వరసగా అతని పక్కన, వరస నీటి పారుదలకు సమాంతరంగా ఉండాలి. పక్కవాళ్ల వీపుకూ మూటకూ మధ్య చేయి దూర్చి పట్టీని గట్టిగా పట్టుకోండి. ఎదుటి ఒడ్డు వైపు చూస్తూ, కొంచెం కిందికి ఏటవాలుగా, చిన్న చిన్న అడుగులు. ఒకరు జారినా మిగతా ఇద్దరూ నిలబెడతారు. దీన్ని ఇక్కడే, మోకాలు లోతు నీళ్లు మెల్లగా పారే చోట, రెండు మూడుసార్లు సాధన చేసి పోండి.

హట్‌లో

బూట్లు గుమ్మం బయటే విప్పాలి, కానీ బయటే వదలకూడదు. కియా అనే కొండ చిలుక ఎత్తు మీది హట్‌ల దగ్గర తిరుగుతుంది. బూటు నాలుకలూ లేసులూ దానికి ఆటవస్తువులు. ఎత్తున వేలాడదీయండి లేదా గుమ్మం లోపల పెట్టండి. చేరగానే హట్ పుస్తకంలో పేర్లు, ఎక్కడినుంచి వచ్చారు, ఎక్కడికి పోతున్నారు రాయండి. ఆగకుండా దాటిపోతున్నా రాయాల్సిందే, మీరు తప్పిపోతే వెతికేవాళ్లకు అదే మొదటి ఆచూకీ. తాగే నీళ్లు కాచుకోండి. వాడిన కట్టెలకు బదులు పొడి కట్టెలు లోపల పేర్చండి, తర్వాత తడిసి వచ్చేవాళ్లకు కావాలి. తాలింపు ఘాటు నలుగురు పడుకునే గదిలో పెట్టకండి, స్టవ్ దగ్గరి కిటికీ తెరవండి. మేము కందిపొడి కిచిడీ వండితే ఒక ముసలి దంపతులు వాసనకే వచ్చి పక్కన కూర్చున్నారు. రెండు గరిటెలు పెట్టాం. వాళ్లు మాకు కనుమ మీద ఏ వైపు గాలి వస్తే వానో చెప్పారు: వాయవ్యం నుంచి. చెత్త ఒక్క కాగితం ముక్క కూడా వదలకూడదు, అంతా మూటలో కిందికి.

బయటికి వచ్చాక

సిగ్నల్ రాగానే మొదటి ఫోను మీ దారి రాసిచ్చిన మనిషికి. మేము సెయింట్ ఆర్నాడ్‌లో అక్కకు చేశాం. ఫోను ఎత్తగానే, "వచ్చేశారా? గడువుకు ఇంకా మూడు గంటలుంది, గడియారం ముందేసుకుని కూర్చున్నా" అంది. బీకన్ తిరిగి ఇచ్చేయండి. ఇంకో నదీలోయకు పోయేముందు బూట్లు, కర్రలు, సాక్సులు కడిగి పూర్తిగా ఆరబెట్టండి. డిడిమో అనే నాచు ఒక్క తడి బొట్టుతో ఒక నది నుంచి ఇంకో నదికి పోతుంది.